గెలిచినప్పుడు మనము, ఓడినప్పుడు వారు

ధ్యానభాగములు: అపొస్తలుల కార్యములు 14:8–20, రోమీయులకు 8:31–39



మన భాషలో 'అభిమానము' అను మాట లోతైనది. ఒకరియందు గల ప్రీతిని అభిమానమందుము. ఆత్మగౌరవమును కూడ అభిమానమే యందుము. అభిమానము గలవాడు ఊరకనే చేయి చాపడని పెద్దలు చెప్పుదురు. దేహాభిమానము, కులాభిమానము అనునప్పుడు అదే మాట గర్వమునకు దగ్గరగా వచ్చును. ఇతరుని ప్రేమించుటయు, తన్ను తాను గొప్పగా ఎంచుకొనుటయు ఒకే మాటలో ఇమిడియున్నవి. ఆటను ప్రేమించువానిని మనము అభిమాని యని పిలుచుచున్నాము. ఆ ప్రేమ మితిమీరినయెడల వీరాభిమాని యందుము. అతడు తన జట్టును ప్రేమించుచున్నాడా, లేక తన జట్టులో తన్నే ప్రేమించుకొనుచున్నాడా? ఈ ప్రశ్న ఇతరులను గూర్చి అడుగుట సులభము. నలువది సంవత్సరములుగా క్రికెట్టు అభిమానినైన నేను దానిని నన్నే అడుగుకొనవలసి వచ్చినది. ఆ సంగతి సిగ్గుతోనే ఇక్కడ వ్రాయుచున్నాను.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

1983 జూన్ 25వ తేదీ, శనివారము. అప్పటికి నాకు పదమూడేండ్లు. ఇంగ్లాండు దేశమందలి లార్డ్స్ మైదానములో ప్రపంచకప్పు అంతిమ పోటీ జరుగుచుండెను. 1975లోను 1979లోను కప్పు గెలిచిన వెస్టిండీసు జట్టుతో మన జట్టు తలపడెను. మనవారు 183 పరుగులకే అందరు ఔటైరి. ఇక ఆశలేదని మా నాయన "రేపు ఆరాధన ఉంది, రేడియో కట్టేసి పడుకో" అనెను. నేను ట్రాన్సిస్టరును దుప్పటిలో దాచుకొని చెవికి ఆనించుకొంటిని. మదన్‌లాల్ వేసిన బంతిని వివియన్ రిచర్డ్స్ ఆకాశమునకు లేపగా, కపిల్ దేవ్ వెనుకకు పరుగెత్తి పట్టుకొనెను. అక్కడనుండి ఆట తిరిగెను. వారు 140 పరుగులకు ఔటైరి. 43 పరుగుల తేడాతో భారతదేశము ప్రపంచకప్పు గెలిచెను.

అర్ధరాత్రి కావచ్చినది. నేను లేచి నిలువబడి, "మనం గెలిచాం! మనం గెలిచాం!" అని కేకలు వేసితిని. ఇల్లంతయు మేలుకొనెను. వరండాలో నులకమంచము మీద పండుకొనియున్న మా నాయనమ్మ లేచి కూర్చుండి, "ఏరా, నువ్వేం ఆడావురా గెలవడానికి?" అని అడిగెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. కాని ఆమె ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. ఆ జవాబు దొరకుటకు నలువదేండ్లు పట్టినది.

ఒక ఆదివారపు సాయంకాలము

2023 నవంబరు 19వ తేదీ, ఆదివారము. అహమ్మదాబాదులో ప్రపంచకప్పు అంతిమ పోటీ. అంతవరకు ఆడిన పది ఆటలను వరుసగా గెలిచిన మన జట్టు ఆస్ట్రేలియాను ఎదుర్కొనుచుండెను. ఆ సాయంకాలము మా సంఘములో వాక్యము చెప్పవలసిన బాధ్యత నాది. మనవారు 240 పరుగులకు ఔటైన తరువాత నేను దేవాలయమునకు వెళ్ళితిని. యౌవనస్థులు కూర్చుండు వరుసలు ఖాళీగా నుండెను. వారిని గూర్చి లోలోపల నొచ్చుకొంటిని. అయితే రెండవ కీర్తన పాడుచుండగా, బైబిలు చాటున ఫోను తెరచి చూచినవాడను నేనే. ఆస్ట్రేలియా 47 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొనియుండెను. నా హృదయము ఉప్పొంగినది. అది కీర్తన వలన కాదు. ఆ సాయంకాలము నా ప్రసంగము పది నిమిషములు ముందుగా ముగిసినది. క్లుప్తముగా చెప్పితినని ఒకరిద్దరు మెచ్చుకొనిరి కూడ.

గుమ్మము దాటుచుండగా ఒక సహోదరి ఎదురు వచ్చెను. మరునాడు ఆమె భర్తకు గుండె శస్త్రచికిత్స జరుగవలసియుండెను. "అయ్యగారూ, ఒక్క పది నిమిషాలు ఆసుపత్రికి వచ్చి ఆయన దగ్గర ప్రార్థన చేస్తారా? పైకి చెప్పరు గాని భయపడుతున్నారు" అనెను. "రేపు పొద్దున్నే వస్తానమ్మా" అంటిని. అక్కడనే నిలువబడి మూడు మాటలలో ప్రార్థన ముగించితిని. ఆమె నా ముఖము చూచి, "తొందరలో ఉన్నట్టున్నారు, వెళ్ళి రండి అయ్యగారూ" అని పక్కకు తొలగెను. ఆమె మాటలో నింద లేదు. నింద యుండినయెడల నాకు మేలై యుండెడిది.

ఇంటికి వెళ్ళి కూర్చుంటిని. ట్రావిస్ హెడ్ 137 పరుగులు చేసెను. ఆరు వికెట్ల తేడాతో, ఇంకను ఏడు ఓవర్లు మిగిలియుండగానే, ఆస్ట్రేలియా గెలిచెను. నీలిరంగు వస్త్రములతో నిండిన ఆ మహా మైదానము మూగవోయెను. నేను లేచి టెలివిజను కట్టివేసి, ఇంటివారితో "వీళ్ళెప్పుడూ ఇంతే. ఆఖరి మెట్టు దగ్గర వీళ్ళ చేత కాదు" అంటిని.

పండుకొనిన తరువాత ఆ మాట నా చెవిలో మరల వినబడెను. 1983లో 'మనం గెలిచాం' అంటిని. 2023లో 'వీళ్ళ చేత కాదు' అంటిని. గెలుపులో నేనుంటిని, ఓటమిలో నేను లేను. ఆసుపత్రిలో ఒక మనుష్యుడు భయముతో రాత్రి గడుపుచుండగా, ఆయనకీయవలసిన పది నిమిషములను నేను దేనికి ఇచ్చితినో, దానిని కూడ ఓడిన గడియలోనే విడిచిపెట్టితిని. దేవునికిని నమ్మకముగా నుండలేదు. నేను పెట్టుకొనిన విగ్రహమునకును నమ్మకముగా నుండలేదు.

'మనము' అను మాట

ఇది నా యొక్కని బలహీనత కాదు. 1976లో రాబర్ట్ చాల్డీని అను మనశ్శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. తమ విశ్వవిద్యాలయపు జట్టు గెలిచిన తరువాతి సోమవారమున విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయపు చిహ్నములున్న దుస్తులను ఎక్కువగా ధరించిరట. ఆటను గూర్చి అడిగినప్పుడు, గెలిచిన ఆటకు 'మేము' అను మాటను ఎక్కువగా వాడిరట. ఓడిన ఆటకు ఆ మాట తగ్గినదట. మానవ హృదయము అన్ని దేశములలోను ఒకటే.

తెలుగువారమైన మనకు ఈ సంగతి మరింత స్పష్టముగా తెలియవలెను. ఏలయనగా మన భాషలో 'మేము' వేరు, 'మనము' వేరు. వినువానిని కలుపుకొనునది 'మనము'. వినువానిని వెలుపల నుంచునది 'మేము'. గ్రీకు భాషలో ఈ రెంటికిని ఒకటే మాట. క్రొత్త నిబంధనను తెలుగులోనికి తెచ్చువాడు ఆ మాట వచ్చిన ప్రతి చోట కలము ఆపి, ఇక్కడ వినువాడు లోపల నున్నాడా, వెలుపల నున్నాడా అని ఆలోచింపవలెను. ఆటగానిని గూర్చి అభిమాని 'మనము' అనును. ఆటగాడు తన తోడి ఆటగాండ్రను ఉద్దేశించి అభిమానితో మాటలాడిన, 'మేము' అనును. అభిమాని ప్రేమలోని నొప్పియంతయు ఈ రెండు మాటల మధ్య నున్నది. మనము వారి పేర్లు, వారి పరుగుల లెక్కలు, వారి బిడ్డల పేర్లు కూడ ఎరుగుదుము. వారు మనలను ఎరుగరు. ఇది వారి తప్పు కాదు.

ఈ సంగతి మనస్సులో నుంచుకొని, దేవుని వాక్యము జనసమూహపు అభిమానమును గూర్చి ఏమి చూపుచున్నదో మూడు భాగములుగా ధ్యానింతము.

మొదటిది: పూదండ తెచ్చిన చేయియే రాయి తెచ్చును

లుస్త్రలో పుట్టుకుంటివాడొకడు పౌలు మాటకు లేచి నడిచెను. జనులు దానిని చూచి, దేవతలే మనుష్యరూపములో దిగి వచ్చిరని తమ లుకయోనియ భాషలో కేకలు వేసిరి. ద్యుపతి పూజారి ఎడ్లను పూదండలను తెచ్చెను. అపొస్తలులు వస్త్రములు చింపుకొని వారించినను, ఆ జనులను ఆపుట కష్టమాయెను. అయితే అంతియొకయనుండియు ఈకొనియనుండియు కొందరు వచ్చి మాటలాడగానే, అదే జనసమూహము పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయెనని తలంచి పట్టణము వెలుపలికి ఈడ్చివేసెను. ఈ రెంటిని లూకా వెంటవెంటనే వ్రాసెను.

దీనిని చదివి లుస్త్రవారు మూఢులని మనము తీర్పు తీర్చరాదు. 2007 మార్చి 17న వెస్టిండీసు దీవులలో జరిగిన ప్రపంచకప్పులో మన జట్టు బంగ్లాదేశ్ చేతిలో ఓడెను. రాంచీలో మహేంద్ర సింగ్ ధోనీ కట్టుకొనుచున్న ఇంటిమీద జనులు దాడిచేసి పాడుచేసిరి. దేశములో పలుచోట్ల ఆటగాండ్ర దిష్టిబొమ్మలను తగులబెట్టిరి. ఆరు నెలలు దాటినవి. సెప్టెంబరు 24న జోహన్నెస్‌బర్గులో అదే ధోనీ నాయకత్వమున మన జట్టు పాకిస్తానును 5 పరుగుల తేడాతో ఓడించి, మొట్టమొదటి ట్వంటీ-20 ప్రపంచకప్పును గెలిచెను. వారు తిరిగి వచ్చిన దినమున ముంబయి వీధులు జనముతో నిండి, పూలవాన కురిసెను. మనుష్యుడు ఒక్కడే, దేశము ఒక్కటే. మారినది గెలుపు మాత్రమే. గెలుపు మారినప్పుడు మారునది ప్రేమ కాదు, అభిమానము.

యెరూషలేములో ఖర్జూరపు మట్టలు పట్టుకొనినవారి కేకలను, ఆ వారములోనే పిలాతు వాకిట వినబడిన కేకలను మనము మట్టల ఆదివారమున జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆ వారమును గూర్చి ప్రతి సంవత్సరము ప్రసంగించుచున్న నేను, నా ఇంటిలో టెలివిజను ఎదుట అదే పని చేయుచుంటిని.

పౌలు చేసినదేమో గమనింపుడు. రాళ్ల దెబ్బలు తిని పడియున్నవాడు లేచి, మరల అదే పట్టణములోనికి వెళ్ళెను. మరునాడు దెర్బేకు పోయినను, కొంతకాలమునకు తిరిగి లుస్త్రకు వచ్చి అక్కడి శిష్యులను స్థిరపరచెను. తరువాతి యాత్రలో తిమోతి అక్కడనే ఆయనకు దొరికెను. అభిమాని పూదండతో వచ్చును, రాయితో వచ్చును. ప్రేమించువాడు మాత్రమే రాయి తగిలిన చోటికి తిరిగి వచ్చును.

రెండవది: సమూహము మన పేరు ఎరుగదు

ఎఫెసులో వెండి పనివారు లేపిన అల్లరిని అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయములో చదువుచున్నాము. ఇరువది వేలకు పైగా జనము పట్టదగిన అక్కడి నాటకశాల యొక్క రాతి మెట్లు నేటికిని నిలిచియున్నవి. దానిలో జనులు రెండు గంటలసేపు ఒకే కేక వేసిరి. వారిలో ఎక్కువమందికి తాము ఎందుకు కూడుకొనిరో తెలియలేదని లూకా చెప్పుచున్నాడు. పదిమందితో కలిసి ఒకే కేక వేయుటలో ఒక సుఖము కలదు. ఒంటరితనము కరిగిపోవును, మన చిన్న బ్రదుకు పెద్దదైనట్లు తోచును. ఆ సుఖము అబద్ధము కాదు. అయితే అది మనలను కాపాడగలదా?

బెంగుళూరు జట్టు 2008 నుండి ఐ.పి.ఎల్. పోటీలలో ఆడుచు, 18వ పర్యాయమున, 2025 జూన్ 3న, మొదటిసారి కప్పు గెలిచెను. ఏటేట ఓడినను విడువక ఎదురుచూచిన అభిమానులు వారు. వారిని గూర్చి నేను మెచ్చికోలుతోనే చెప్పుచున్నాను. నావలె ఓడిన రాత్రియే విడిచిపెట్టినవారు కారు. మరునాడు ఆ సంతోషమును పంచుకొనుటకు చిన్నస్వామి మైదానమునకు వచ్చిన జనసమూహపు త్రొక్కిసలాటలో 11 మంది ప్రాణములు కోల్పోయిరి. పదునెనిమిది సంవత్సరములు కనిపెట్టిన సంతోషము ఒక దినమైన నిలువక మునుపే పదకొండు ఇండ్లలో ఏడ్పు పుట్టెను. ఎవరి పొరపాటని తేల్చుట ఈ ధ్యానము పని కాదు. ఆ తల్లిదండ్రుల దుఃఖము ఎదుట తల వంచి ఒక్క మాటయే చెప్పుదును. జనసమూహములో మన ప్రక్కన నున్నవాడు మనవలెనే కేక వేయుచున్నను, మనము పడిపోయినయెడల మన పేరు పెట్టి పిలువనెరుగడు.

మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుచునని యోహాను 10వ అధ్యాయము చెప్పుచున్నది. డెబ్బదిమంది శిష్యులు గెలిచి సంతోషముతో తిరిగి వచ్చినప్పుడు కూడ, ఆ గెలుపును బట్టి కాక తమ పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషింపుడని ప్రభువు వారిని హెచ్చరించెను. గెలుపు పట్టికలో మన పేరు ఎన్నడును ఉండకపోవచ్చును. ఆయన పట్టికలో ఉన్నదా?

మూడవది: మనము మెట్లమీద కూర్చుండుటకు పిలువబడలేదు

కొరింథునకు దగ్గరలో రెండేండ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరిగెడివి. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టెడివారు. ఆ పట్టణపు సంఘమునకు వ్రాయుచు పౌలు పరుగుపందెమును, ముష్టియుద్ధమును, వాడిపోవు కిరీటమును, వాడబారని కిరీటమును జ్ఞాపకము చేసెను. ఆటలను గూర్చి మాటలాడుటకు ఆయన సంకోచింపలేదు. అయితే ఆయన పత్రికలో ఒక్క చోటనైనను చూపరిగా కూర్చున్న విశ్వాసి కనబడడు. అందరును పరుగెత్తువారే. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము కూడ అట్టిదే: మేఘమువలె చుట్టు ఆవరించియున్నవారు మనకు ముందు విశ్వాసములో జీవించిన భక్తులు, మైదానములో నున్నవారము మనము.

మన సంఘములలో ఈ క్రమము తలక్రిందులైనది కాదా? ప్రార్థించుటకు ఒకరు, పాడుటకు ఒకరు, సువార్త చెప్పుటకు ఒకరు. మిగిలినవారు వరుసలలో కూర్చుండి, బాగుగా నున్నది, బాగుగా లేదు అని తీర్పు చెప్పువారు. అంతేకాదు, బోధకులకు కూడ అభిమానులు బయలుదేరిరి. ఫలాని వారి కూటములకు వెళ్ళువారు ఫలాని వారి పేరు వినలేరు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అను కొరింథీయుల తగాదా నేడు మన గోడపత్రికల మీద పెద్ద అక్షరములతో కనబడుచున్నది. బోధకుడు పడిపోయిన దినమున, నిన్నటి వరకు 'మా అయ్యగారు' అన్నవారే 'నాకు ముందే తెలుసు' అనుచున్నారు. ఇది కూడ లుస్త్రయే.

ఓటమిలో 'మనము' అన్నవాడు

ఇప్పుడు సువార్తయొద్దకు రండి. నాయనమ్మ ప్రశ్నకు జవాబు అక్కడ కలదు.

గలిలయ సముద్రముమీద తుపాను లేచినప్పుడు, దోనె అమరమున నిద్రించుచున్న ప్రభువును శిష్యులు లేపి, మునిగిపోవుచున్నామని మొరపెట్టిరి. తెలుగు అనువాదకునికి ఇది చిక్కు ప్రశ్న. శిష్యులు 'మేము' మునుగుచున్నాము అనిరా, 'మనము' మునుగుచున్నాము అనిరా? భయములో నున్నవాని నోట 'మేము' అను మాటయే సహజము: నీవు నిద్రించుచున్నావు, మునుగుచున్నవారము మేము. ఆ రాత్రి శిష్యులు ఏమి తలంచిరో నేను తేల్చలేను. కాని ప్రభువు ఎక్కడ నుండెనో తెలియును. ఆయన అదే దోనెలో నుండెను. ఆ దోనె మునిగినయెడల ఆయనయు దానితో నుండును.

ఆయన జీవితమంతయు ఇట్టిదే. పాపము లేనివాడు యొర్దాను నీళ్లలో పాపుల వరుసలో నిలువబడెను. సిలువమీద అక్రమకారులలో ఒకడుగా లెక్కింపబడెను. ఇమ్మానుయేలు అను ఆయన నామములోనే 'మన' అను మాట యున్నది. మనము గెలుచుచున్నప్పుడు వచ్చి కలిసినవాడు కాడు. రోమా పత్రిక 5వ అధ్యాయము ప్రకారము, మనము బలహీనులమై, పాపులమై, శత్రువులమై యున్న కాలముననే మన పక్షము చేరినవాడు. ఓడినవారిని చూచి 'వీళ్ళ చేత కాదు' అని ఆయన టెలివిజను కట్టివేయలేదు. ఓటమిలోనికి దిగివచ్చి, 'మనము' అనెను.

కనుకనే మన 'మనము' అనుటకు ఇప్పుడు ఆధారము కలదు. పౌలు గ్రీకులో 'సున్', అనగా 'తోకూడ' అను మాటను క్రియలకు చేర్చి వ్రాయుట ప్రసిద్ధము: క్రీస్తుతోకూడ సిలువ వేయబడుట, ఆయనతోకూడ పాతిపెట్టబడుట, ఆయనతోకూడ లేపబడుట. అభిమాని తాను ఆడని ఆటలోని గెలుపును తనదని చెప్పుకొనును. అది మాట మాత్రమే. విశ్వాసియు తాను చేయని యుద్ధములోని జయమును తనదని చెప్పుకొనును. అది మాట మాత్రము కాదు, దేవుడు చేసిన ఐక్యము. "నువ్వేం ఆడావురా గెలవడానికి?" నాయనమ్మా, నేను ఏమియు ఆడలేదు. ఓడినవాడను. కాని నా ఓటమిని తనదిగా చేసికొనినవాడు తన గెలుపును నాకిచ్చెను. ఎనిమిదవ అధ్యాయములో పౌలు చెప్పిన అత్యధిక విజయము శ్రమ, హింస, కరవు, ఖడ్గము వీటి నడుమ చెప్పినది. లెక్కల పట్టిక చూచినయెడల అది ఓటమివలెనే కనబడును. అయినను ఆయన ప్రేమనుండి మనలను ఎడబాపునది ఏదియు లేదు; ఓటమి మొదలే ఎడబాపజాలదు.

సోమవారపు ఉదయము

మరునాడు తెల్లవారకముందే నేను ఆసుపత్రికి వెళ్ళితిని. ఆ సహోదరి మంచము ప్రక్కన కుర్చీలో కూర్చుండియే రాత్రి గడిపెను. నన్ను చూచి లేచి, "మాకు పదింటికి ఆపరేషనన్నారు అయ్యగారూ" అనెను. కత్తి తగులవలసినది భర్త దేహమునకు; ఆమె మాత్రము 'మాకు' అనెను. పదేపదే అందరి నోట వినిన ఆ మాట ఆ ఉదయమున నన్ను నిలువదీసెను. నేను వాక్యము చెప్పుచు నేర్చుకొనలేనిదానిని ఆమె కుర్చీలో కూర్చుండి నేర్చుకొనియుండెను.

ఆయన కన్నులు తెరచి, మెల్లగా, "రాత్రి మనం ఓడిపోయామట గదా అయ్యగారూ" అనెను. ఆ స్థితిలోను ఆయన 'వాళ్ళు' అనలేదు. నాకు నవ్వును వచ్చినది, కన్నీళ్లును వచ్చినవి. "ఓడిపోయాం. రాత్రి నేను రావలసింది, రాలేదు. నన్ను క్షమించండి" అంటిని. ఆయన నా చేయి పట్టుకొని, "మీరు వచ్చారు గదా, ప్రార్థన చెయ్యండి" అనెను. ఆ దినమున తొందరపడలేదు. శస్త్రచికిత్స ముగియువరకు వారితోనే యుంటిని. ప్రభువు కృపవలన ఆయన బ్రదికి, నేటికిని మా సంఘములో నున్నాడు. ఆటలున్న ఆదివారమున నన్ను చూచి చిరునవ్వు నవ్వును.

ప్రియులారా, ఆటలను మానుడని నేను చెప్పుటలేదు. యెరూషలేము వీధులు ఆడుకొను బాలబాలికలతో నిండుట దేవుని వాగ్దానములలో ఒకటని జెకర్యా 8వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. 2025 నవంబరు 2న మన స్త్రీల జట్టు 2005లోను 2017లోను అంతిమ పోటీలో ఓడిన దుఃఖమును దాటి, నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో గెలిచి, మొదటిసారి ప్రపంచకప్పు అందుకొనెను. మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఆ జట్టులో నుండెను. ఆ దినము కూడ ఆదివారమే. నేను ఫోను ఇంటిలో విడిచి ఆరాధనకు వెళ్ళి, తరువాత ఒక రోగిని దర్శించి, నెమ్మదిగా తిరిగి వచ్చితిని. వర్షమువలన ఆట ఆలస్యముగా ఆరంభమైనందున అప్పటికిని ముగియలేదు. చివరి వికెట్టు పడినప్పుడు ఇంటివారితో కలిసి చప్పట్లు కొట్టితిని. నేను పోగొట్టుకొనినది ఏమియు లేదు.

కావున మూడు సంగతులు మనవి చేయుచున్నాను. గెలిచిన దినమున 'మనము' అనినవారు ఓడిన దినమునను 'మనము' అనుడి. మీ పిల్లవాడు పరీక్ష తప్పినప్పుడు, మీ సహోదరుడు అప్పులలో కూరుకొనినప్పుడు, మీ సంఘములో ఒకడు పడిపోయినప్పుడు 'వాడు' అనక 'మనము' అనుడి. మెట్లమీద కూర్చున్నవారు దిగివచ్చి ఒక పనియైనను చేపట్టుడి. గుమ్మమునొద్ద ఎవరైనను నిలిచియుండినయెడల గడియారము చూడకుడి.

ప్రార్థన: ప్రభువా, మా గెలుపులో నీకు భాగము లేకున్నను మా ఓటమిలో పాలుపొందితివి. మా ప్రేమ కాలమును బట్టి మారునది. నీ ప్రేమ మారనిది. జనసమూహములో తప్పిపోయిన మమ్మును పేరు పెట్టి పిలువుము. పడినవారిని చూచి ముఖము త్రిప్పుకొనక, వారి ప్రక్కను కూర్చుండు కృప మాకు దయచేయుము. మాతోకూడ ఓటమిలోనికి దిగి, మమ్మును తనతోకూడ లేపిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.